నా బొమ్మలతోనే కార్డులు చేయించాలని ఉంది, వదిలేయమంటారా?

ప్రశ్న: మల్కాజిగిరిలో ఉంటాను, స్కూల్లో లెక్కలు చెప్తాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు గానీ చిన్నప్పట్నుంచీ వాటర్ కలర్స్ వేస్తాను. నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి ఈ ఏడే రిటైరవుతున్నారు, షష్టిపూర్తి కూడా ఇప్పుడే. ఇంకా రెండు నెలల టైముంది. వచ్చే 120 మందికి నా బొమ్మతో ఒక కార్డు, ఏదైనా చిన్న కానుక ఇవ్వాలని ఆశ. చెరువుగట్టు బొమ్మ ఒకటి ఫోన్‌లో ఫోటో తీసి, ఒక షాపుకి వాట్సాప్ చేసి శాంపిల్ మగ్గు చేయించాను. చూస్తే ఏడుపొచ్చింది. లేత ఆకుపచ్చంతా బూడిద రంగైపోయింది, బొమ్మ మసక, కింద వేయించిన ‘షష్టిపూర్తి శుభాకాంక్షలు’లో ఒత్తులు విడిపోయాయి. మా ఆడపడుచు ‘ఆన్‌లైన్‌లో బోలెడు డిజైన్లున్నాయి, పేర్లు మార్చి ఆర్డరిచ్చెయ్ వదినా, ఈ తిప్పలెందుకు’ అంటోంది. చెల్లెలేమో బాపు బొమ్మల్లోంచి ఒక జంటను తీసి పెట్టేద్దాం అంటోంది. వదిలేయమంటారా? అసలు నాన్నకి ఏ బొమ్మ నచ్చుతుందో కూడా తెలీడం లేదు. ఉద్యోగంలో చేరినప్పుడు కొన్న స్టీలు క్యారియర్‌నే ఇప్పటికీ పట్టుకెళ్లే మనిషి. దాని మూత సొట్టపోయింది, అయినా మార్చనివ్వరు, అమ్మ దాన్ని రోజూ ఒక పాత తువ్వాలులో కట్టిస్తుంది.

సమాధానం: వదలొద్దండి. రెండు నెలలంటే చాలా టైమే. కానీ ముందు ఆ చెరువుగట్టు బొమ్మను పక్కన పెట్టండి. అది బాగోలేదని కాదు, నేను చూడలేదు కూడా. ఏ బొమ్మ నచ్చుతుందో తెలీదన్నారే, మీ ఉత్తరం చివరి రెండు వాక్యాలు మీరే ఇంకోసారి చదువుకోండి. సొట్టపోయిన మూత, తువ్వాలు ముడి, క్యారియర్. మీ బొమ్మ అదే. దాన్ని చూడగానే మీ నాన్నతో కలిసి పనిచేసిన వాళ్లు గుర్తుపడతారు, మీ అమ్మకి ఆ ముడిలో తన చెయ్యి కనిపిస్తుంది, ఎవరింటి కార్డో పేరు చూడకుండానే తెలిసిపోతుంది. ఆన్‌లైన్ డిజైన్లో పేర్లు మారుస్తారు గానీ ఈ సొట్ట ఎక్కణ్నుంచి తెస్తారు? మీ ఆడపడుచుతో ఈ మాటే చెప్పండి, ఆవిడా తప్పకుండా ఒప్పుకుంటారు.

కాబట్టి పువ్వులు, సూర్యాస్తమయాలు, చార్మినార్ ఇప్పటికి వద్దు. క్యారియర్‌ని ఒక మధ్యాహ్నం కిటికీ దగ్గర పెట్టుకుని, ఫోటో చూసి కాకుండా దాన్నే చూస్తూ వేయండి. స్టీలు వేయడం కష్టమని భయపడకండి. స్టీలుకి సొంత రంగంటూ ఉండదు, చుట్టూ ఉన్న రంగులే దాని మీద పడతాయి, తువ్వాలు ఎరుపుదైతే గిన్నె అంచు మీద సన్నటి ఎర్ర గీత కనిపిస్తుంది. మెరిసే చోట రంగు వేయకుండా కాగితం తెలుపే వదిలేయండి. సొట్ట దగ్గర వెలుగు గీత తిన్నగా పోకుండా వంకర తిరుగుతుంది, ఆ వంకర సరిగ్గా పడితే బొమ్మ మొత్తం నిలబడుతుంది. మీరు కార్డు మీద వేయబోయే సైజు కంటే ఒకటిన్నర రెట్లు పెద్దదిగా వేయండి. పెద్దది తగ్గిస్తే చేతి వణుకు, చిన్న తప్పులు సర్దుకుంటాయి, చిన్నది పెంచితే కాగితం గరుకు కూడా పైకి తేలుతుంది. ఇంకోటి, ప్రింటులో లేత రంగులు ఇంకా లేతగా వస్తాయి లేదా అసలు రావు. మామూలుగా మీరు వేసే లేత పూత కంటే ఒక మెట్టు ముదురుగా వేయండి.

ఇక మగ్గు ఎందుకలా వచ్చిందో చూద్దాం. తప్పంతా షాపుదే అని నాకనిపించడం లేదు. ఫోటో రాత్రిపూట ట్యూబులైటు కిందో, పసుపు బల్బు కిందో తీసుంటే రంగు అక్కడే మారిపోయింది. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది సైజు బాగా తగ్గించి పంపుతుంది, ఫోన్ తెర మీద ఆ తేడా కనపడదు గానీ ప్రింటు తీస్తే మసకే. మిగిలింది మగ్గు సంగతి, దానికి కింద వస్తాను.

బొమ్మను స్కాన్ చేయించండి. మంచి ఫ్లాట్‌బెడ్ స్కానర్, అంటే కాగితాన్ని అద్దం మీద పరిచి తీసేది, ఉన్న డీటీపీ సెంటర్‌కి తీసుకెళ్లి 600 డీపీఐలో (అంగుళానికి ఎన్ని చుక్కలో ఆ లెక్క), కలర్‌లో, సొంత ‘కరెక్షన్’ ఏదీ పెట్టకుండా స్కాన్ చేయమనండి. ప్రింటుకి 300 డీపీఐ చాలు, కానీ రెట్టింపు ఉంటే రేపు దాన్నే క్యాలెండర్ సైజుకి పెంచుకోవచ్చు. ఫోన్‌లో ఉండే డాక్యుమెంట్ స్కానర్ యాప్‌లు మాత్రం వాడకండి, అవి బిల్లుల కోసం చేసినవి, తెల్లదనం కోసం లేత రంగులన్నీ ఎగరగొట్టేస్తాయి. స్కానర్ దొరక్కపోతే ఉదయం పదింటికి ఎండ నేరుగా పడని వరండాలో బొమ్మను గోడకి అతికించి, ఫోన్‌ని దానికి సమాంతరంగా పట్టుకుని, ఫ్లాష్ లేకుండా, కాస్త దూరం నుంచి తీయండి. మరీ దగ్గరికెళ్తే అంచులు వంగుతాయి. ఫైలు పంపేటప్పుడు వాట్సాప్‌లోనే అయినా ‘డాక్యుమెంట్’గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. నేనైతే పెన్‌డ్రైవే అంటాను, ఎందుకంటే ఎలాగూ మీరు ప్రెస్సుకి స్వయంగా వెళ్లాలి.

వెళ్లాలి అని ఎందుకంటున్నానంటే, తెర మీద రంగు వెలుగుతో పుడుతుంది, కాగితం మీద రంగు నాలుగు ఇంకులతో పుడుతుంది. మెరిసే నీలం, చిలకపచ్చ, గులాబీల్లో మరీ కొట్టొచ్చేవి ఆ నాలుగు ఇంకులతో రావు, ఎంత మంచి మెషినైనా. అందుకే 120 కొట్టించే ముందు, మీరు ఖాయం చేసుకున్న అదే కాగితం మీద ఒకే ఒక్క షీటు ప్రూఫ్, అంటే నమూనా ప్రింటు, తీయించుకుని, బయట ఎండ వెలుతుర్లో, అసలు బొమ్మ పక్కన పెట్టి చూడండి. నల్లబడితే ‘కొంచెం బ్రైట్ చేయండి’ అని అక్కడే కూర్చుని సరిచేయించుకోవచ్చు. డిజిటల్ ప్రింటుకి ప్లేట్లు తయారుచేసే పని ఉండదు కాబట్టి ఒక్క షీటైనా తీస్తారు. మీకు కావాల్సింది డిజిటలే. ప్లేట్లు చేసి కొట్టే ఆఫ్‌సెట్ వెయ్యీ రెండు వేలు కొట్టించే వాళ్లకి గిట్టుబాటు, 120కి దాని ప్లేట్ల ఖర్చు మీద పడుతుంది.

హైదరాబాద్‌లో ఈ పనికి మీరు చూడాల్సిన చోటు పాతబస్తీలోని ఛత్తా బజార్. శుభలేఖల ప్రెస్సులు వరసగా ఉంటాయి, కాగితం ముట్టుకుని చూసి ఎంచుకోవచ్చు, క్రీజింగ్ (మడత రావాల్సిన చోట ముందే గాడి నొక్కడం), కటింగ్, కవర్లు అన్నీ నాలుగడుగుల్లో అయిపోతాయి. పెళ్లి ముహూర్తాల రోజుల్లో మాత్రం వాళ్లకి ఊపిరాడదు, చిన్న ఆర్డరు వెనక్కి పోతుంది. ముహూర్తాలు మొదలవక ముందే వెళ్లండి. సంచులు, డబ్బాలు, రిబ్బన్లకి బేగంబజార్ ఉండనే ఉంది.

కార్డు సైజు మీరు ముందే లెక్కేసుకుని వెళ్తే డబ్బు మిగులుతుంది, లెక్కల టీచరు కాబట్టి ఇది మీకు సరదాగానే ఉంటుంది. డిజిటల్ ప్రెస్సుల్లో షీటు సాధారణంగా 12 బై 18 అంగుళాలు. ఐదు బై ఏడు కార్డు కావాలంటే విప్పితే పది బై ఏడు, షీటుకి రెండే వస్తాయి, మిగతాదంతా వృథా. అదే కార్డును మూడు ముప్పావు బై ఐదున్నరకి తగ్గించారనుకోండి, విప్పితే ఏడున్నర బై ఐదున్నర, షీటుకి నాలుగు హాయిగా వస్తాయి, అంచుల్లో కోతకి జాగా కూడా మిగులుతుంది. 120 కార్డులకి 60 షీట్లు కావాల్సిన చోట 30తో అయిపోతుంది. ఇంకో నాలుగు షీట్లు ఎక్కువ వేయించుకోండి, మడతలో పాడయ్యేవీ, చివరి నిమిషంలో గుర్తొచ్చే చుట్టాలూ ఉంటారు. ఫైలులో బొమ్మ రంగును చుట్టూ మూడు మిల్లీమీటర్లు బయటికి పోనివ్వండి, దాన్నే వాళ్లు బ్లీడ్ అంటారు, లేకపోతే కట్ చేసినప్పుడు అంచున తెల్ల గీత మిగిలిపోతుంది. ముఖ్యమైనవన్నీ, అంటే ముడి కొస గానీ అక్షరాలు గానీ, అంచు నుంచి కనీసం అర సెంటీమీటరు లోపలికి ఉండాలి.

కాగితం 300 జీఎస్ఎమ్ తీసుకోండి, చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే లెక్క అది. నిగనిగలాడే ఆర్ట్ కార్డు చూపిస్తారు, బొమ్మకి బాగుంటుంది, కానీ లోపలి వైపు పెన్నుతో రాస్తే ఇంకు ఆరదు, వేలు తగిలితే పులుముకుపోతుంది. మీ జేబులో రోజూ వాడే పెన్ను పట్టుకెళ్లి ప్రతి శాంపిల్ మీదా ఒక గీత గీసి, పది లెక్కపెట్టి, వేలితో రుద్ది చూడండి. పూత లేని కాగితం, కొంచెం దంతపు తెలుపులో ఉన్నది, వాటర్ కలర్ బొమ్మకి ఇంకా బాగా ఒదుగుతుంది. మడత పెట్టే ముందు క్రీజింగ్ తప్పనిసరి, అంత మందం కాగితాన్ని చేత్తో మడిస్తే నార విరిగి తెల్లగా పగులుతుంది. మడత గీత మీద ముదురు రంగు రాకుండా చూసుకోండి, డిజిటల్ ప్రింటు టోనరు కాగితం పైనే ఉండే పొర, మడత దగ్గర ముందు రాలేది అదే.

ఒత్తుల సంగతి. ఇది తెలుగులో ఏ చిన్న కార్డు చేయించుకున్న వాళ్లకైనా తగిలే దెబ్బే. చాలా ప్రెస్సుల్లో ఏళ్ల తరబడి ‘అను’ అనే పాత తరహా తెలుగు ఫాంట్లతో, పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో టైపు చేస్తున్నారు. మీరు ఫోన్‌లో కొట్టేది యూనికోడ్, ఇప్పటి ఫోన్లూ కంప్యూటర్లూ అక్షరాలను గుర్తుపట్టే పద్ధతి. ఇందులోది అందులో అతికిస్తే అక్షరాలు గల్లంతవుతాయి, లేదా సాఫ్ట్‌వేర్‌కి తెలుగు కలపడం రాక ‘పూర్తి’ కాస్తా పూర్, తి అని రెండు ముక్కలవుతుంది, ‘శుభాకాంక్షలు’లో క పక్కన ష వచ్చి కూర్చుంటుంది. షాపు కుర్రాడికి తెలుగు చదవడం రాకపోతే అది తప్పని కూడా తెలీదు. దీనికి దారులున్నాయి. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేసిన మండలి, రామరాజా, సూరన్న, మల్లన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, మీ కంప్యూటర్లో వాటితో కార్డు తయారుచేసుకుని, ప్రెస్సుకి టైపు చేసిన మాటలుగా కాకుండా పీడీఎఫ్‌గా ఇవ్వండి, అక్షరాలను అవుట్‌లైన్‌గా మార్చి ఇస్తే ఇంకా మంచిది, అప్పుడు వాళ్ల దగ్గర ఫాంటు ఉన్నా లేకున్నా బొమ్మలాగే వచ్చేస్తాయి. కానీ మీకు నేను ఇది చెప్పను. మీరే రాయండి. అదే బ్రష్షుతో, అదే రంగుతో, వేరే కాగితం మీద ఆ రెండు మాటలూ ఓ పాతికసార్లు రాసి బాగా వచ్చినదాన్ని స్కాన్ చేయించండి. టీచర్ల చేతిరాత బోర్డు మీద ఏళ్లపాటు అరిగి ఒక తీరుకొచ్చి ఉంటుంది, దానికి ఏ ఫాంటూ సాటి రాదు, పైగా ఒత్తు విడిపోయే ప్రశ్నే లేదు. ప్రూఫ్ మాత్రం మీరు కాకుండా ఇంట్లో ఇంకొకరితో చదివించండి, తేదీ, ఇంటి పేర్లతో సహా. రాసిన వాళ్ల కంటికి తప్పు కనపడదు.

వచ్చిన వాళ్ల పేరు కార్డు లోపల ప్రింటు చేయించనక్కర్లేదు. పేర్ల జాబితా ఇస్తే ఒక్కో కార్డు మీద ఒక్కో పేరు కొట్టే పద్ధతి ఉంది, అడిగితే చేస్తారు. అయినా లోపల ఖాళీ వదిలి ‘పెద్దత్తయ్యా’, ‘రాజన్న బాబాయ్’ అని మీరు పిలిచే పిలుపుతోనే రాసివ్వండి. మీ చెల్లెలికి మీ చేతిరాత రాకపోయినా పర్వాలేదు, సగం ఆవిడకివ్వండి, వర్క్‌షాపు వాళ్ల కార్డులు నాన్న చేత రాయించండి.

రాలేని వాళ్లుంటారు కదా, వాళ్లకి పోస్టులో పంపండి. నేను చెప్పిన సైజు కార్డు 300 జీఎస్ఎమ్‌లో సుమారు 8 గ్రాములుంటుంది, కవరు కలిపినా మామూలు ఉత్తరం మొదటి శ్లాబు 20 గ్రాముల లోపే. అన్నట్టు తపాలా శాఖ వాళ్ల ‘మై స్టాంప్’ అని ఒకటుంది, స్టాంపు పక్కన మన ఫోటో గానీ బొమ్మ గానీ వేసి 12 స్టాంపుల షీటు ఇస్తారు. ఆబిడ్స్‌లోని పెద్ద పోస్టాఫీసు జీపీవోలో, స్టాంపులు సేకరించే వాళ్ల కోసం ఉండే ఫిలాటెలిక్ బ్యూరోలో అడగండి. అమ్మానాన్నల ఫోటోతో ఒక షీటు చేయించి, దూరాన ఉన్న ముఖ్యమైన వాళ్ల కవర్ల మీద అంటించారనుకోండి, ఆ కవరు కూడా ఎవరూ పారేయరు.

ఇప్పుడు కానుక. 120 మగ్గులు వద్దు. ఆ ప్రింటు పద్ధతి ఏంటంటే, ప్రత్యేకమైన కాగితం మీద బొమ్మను తిరగేసి ప్రింటు తీసి, పాలిమర్ పూత ఉన్న మగ్గుకి చుట్టి, 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కాసేపు నొక్కి ఉంచుతారు, ఇంకు ఆవిరై పూతలోకి దిగుతుంది. వేడి, టైము కాస్త అటూ ఇటూ అయినా రంగు మారుతుంది. పైగా అందులో తెల్ల ఇంకు ఉండదు, మగ్గు తెలుపే తెలుపు, అందుకే మీ లేత పూతలు అక్కడ ముందు పోతాయి. పిడి పక్కన వేడి సరిగ్గా తగలక ప్రింటు వెలిసినట్టు వస్తుంది. ముదురు గీతలతో, పిడికి దూరంగా, బొమ్మ చుట్టూ తెలుపు వదిలి చేస్తే మగ్గు కూడా బాగుంటుంది, అది మీ ఇంట్లో వాళ్లకి, అయిన వాళ్లకి ఓ పదో పన్నెండో చేయించుకోండి. అంతకంటే ఎక్కువ వద్దు. ప్రతి ఇంట్లో ఫోటో మగ్గులు షోకేసులో పెన్నులకి స్టాండ్లయి ఉన్నాయి.

మిగతా వాళ్లకి ఎలాగూ తాంబూలం ఇస్తారు కదా. ఆ సంచినే మీ కానుక చేయండి. గోధుమ రంగు కోరా కాటన్ సంచి, కూరలకి పట్టుకెళ్లేంత సైజు, దాని మీద తువ్వాలు ముడితో క్యారియర్, ఒకే రంగు గీతల్లో, స్క్రీన్ ప్రింటింగ్. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీను కట్టాలి, ఒకే రంగైతే ఖర్చు తక్కువ, రంగులు పక్కకి జరిగే గొడవ కూడా ఉండదు. దీనికోసం నల్ల ఇంకుతో విడిగా ఒక గీతబొమ్మ వేయాలి, వాటర్ కలర్ పనికిరాదు, మసక పూతలు స్క్రీనులోకి రావు. గీత కనీసం బాల్‌పెన్ను గీత అంత మందం ఉండాలి. సంచి మీద మగ్గులకి వాడే ప్రింటు వేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, అది పాలిస్టరుకే పట్టుతుంది, కాటన్ మీద నిలవదు. మొదటి సంచి రాగానే ఇంటికి తెచ్చి సబ్బు పెట్టి ఉతికి, ఆరేసి చూసి, తర్వాతే మిగతావి కొట్టమనండి. ఆ సంచి పట్టుకుని మీ నాన్న స్నేహితులు రైతుబజార్‌కి వెళ్తారు, కొన్నేళ్లపాటు.

చెల్లెలి మాట. బాపు గారి బొమ్మంటే నాకూ ప్రాణమే. ఆయన 2014లో పోయారు, మన కాపీరైటు చట్టం ప్రకారం చిత్రకారుడు పోయాక 60 ఏళ్లపాటు హక్కు ఉంటుంది, మామూలుగా వారసులదే. ఇంట్లో గోడకి పెట్టుకోవడం వేరు, ప్రింటు కొట్టించి పంచడం వేరు, అడగకుండా చేయకూడదు. అదే చట్టం మీకూ కాపలా, మీ బొమ్మ వేసిన క్షణం నుంచి హక్కు మీదే, ఎక్కడా రిజిస్టర్ చేయించక్కర్లేదు. ప్రెస్సు వాళ్లకి ఫైలు ఇచ్చేటప్పుడు ‘ఇది నా సొంత బొమ్మ, వేరే కార్డులకి వాడొద్దు’ అని బిల్లు మీద ఒక ముక్క రాయించుకోండి, మర్యాదగా అడిగితే రాస్తారు.

అసలు బొమ్మను మాత్రం ఎవరికీ ఇవ్వకండి. దానికి చుట్టూ మౌంటు, అంటే మందపాటి అట్ట అంచు, పెట్టించి, అద్దం రంగుకి ఆనకుండా ఫ్రేము కట్టించి, ఎండ నేరుగా పడని గోడకి తగిలించమని అమ్మానాన్నలకే ఇవ్వండి. వాటర్ కలర్‌కి ఎండే శత్రువు.

ఈ వారం క్యారియర్ బొమ్మ వేసి, వచ్చే వారం స్కాను, ఒక్క షీటు ప్రూఫు. బొమ్మ వేసేదాకా నాన్నకి తెలియకూడదంటే క్యారియర్‌ని ఆయనకి సెలవున్న రోజే తీయాల్సి ఉంటుంది, అమ్మకి ముందే చెప్పి పెట్టుకోండి. ప్రూఫు వచ్చాక రంగు గానీ కాగితం గానీ తేడాగా అనిపిస్తే మళ్లీ రాయండి, స్కాన్ ఫైలు కూడా జత చేయండి, చూసి చెప్తాను.